గట్టిగా వాయించే ఎలక్ట్రిక్ గిటార్‌కు ఇంట్లో ఏ మైకు పెట్టాలి? (కడప, మిద్దె మీద గది)

ఆరోతీగ | కడప | ఏప్రిల్ 6, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా ఇక్కడ చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి.

నా దగ్గర 15 వాట్ల ట్యూబ్ ఆంప్ (గిటార్ సౌండు పెంచే పెట్టె) ఉంది, 12 అంగుళాల స్పీకర్ ఒకటి. బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని బస్సు డిక్కీలో వేసుకుని తెచ్చుకున్నా. దారి పొడుగునా స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నా ప్రాణం పోయింది. గిటార్‌లో హంబకర్లు (తీగల కదలికను పట్టే జంట తీగచుట్టలు). రెండు మైకు ఇన్‌పుట్లున్న మామూలు ఇంటర్‌ఫేస్, మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె. ఆన్‌లైన్‌లో మూడు వేలకు దొరికిన ఒక కండెన్సర్ మైకు.

మాటకు, పాటకు ఆ మైకు బాగానే ఉంది. ఆంప్ ముందు పెట్టి గట్టిగా వాయిస్తే మాత్రం ఒకటే గరగర. గదిలో నిలబడి వింటే ఒళ్లు పులకరించే సౌండు, హెడ్‌ఫోన్‌లో వింటే రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఉంటోంది.

గది 10 బై 11 అడుగులు. కింద కడప బండ, గోడల్లో అరలు కూడా కడప బండే. ఒక ఇనుప బీరువా, ఒక మంచం. నాన్నతో ఒప్పందం ప్రకారం సాయంత్రం 5 నుంచి 6:30 దాకా మాత్రమే వాయించాలి. పక్కింటి పెద్దమ్మకు బీపీ.

బడ్జెట్ 12 వేలు, ఇంకో నెల ఆగితే 15. పెద్ద డయాఫ్రమ్ (సౌండుకు కదిలే పలుచని పొర) ఉన్న మంచి కండెన్సర్ మీద కన్ను పడింది. కొనేయమంటారా?

మైక్‌సెట్_అన్న | కర్నూలు | ఏప్రిల్ 6, రాత్రి 10:31

వద్దు. 57 కొను తమ్ముడూ. షూర్ ఎస్‌ఎం57.

18 ఏళ్లుగా మైక్‌సెట్ నడుపుతున్నా. పెళ్లి ఆర్కెస్ట్రా అయినా, కాలేజీ ఫంక్షన్ అయినా, గిటార్ ఆంప్ ముందుకు అదే పోతుంది. స్నేర్ డ్రమ్ముకూ అదే. నా దగ్గరున్న వాటిలో ఒకటి రెండుసార్లు స్టేజీ మీంచి పడింది, ఒకసారి వానలో నానింది. నిన్న కూడా ప్రోగ్రాంకు పోయొచ్చింది.

అనంత_బేస్ | అనంతపురం | ఏప్రిల్ 6, రాత్రి 11:02

అన్నా, రోగం ఏందో చూడకుండానే మందు రాసేశావు.

ఆరోతీగ తమ్ముడూ, మూడు చెప్పు. మైకు ఆంప్‌కు ఎంత దూరంలో పెట్టావు? మైకులో ఏ వైపు స్పీకర్‌కు తిరిగి ఉంది? ఇంటర్‌ఫేస్ గెయిన్ (సౌండు పెంచే నాబ్) బాగా తగ్గించి వాయించినా ఆ గరగర ఉందా? మూడోది రికార్డ్ చేసి, సాఫ్ట్‌వేర్‌లో వేవ్‌ఫామ్‌ను దగ్గరికి లాగి చూడు. మీటర్ మైనస్ 20 దగ్గరే, అంటే హద్దైన సున్నాకు చాలా కిందే, తిరుగుతున్నా అల తల కోసేసినట్టు చదునుగా ఉంటే, పగులుతున్నది ఇంటర్‌ఫేస్‌లో కాదు, మైకు లోపలే.

ఆరోతీగ | కడప | ఏప్రిల్ 7, సాయంత్రం 6:48

అన్నా, చూశా. దూరం రెండు వేళ్లు. మైకు కొస స్పీకర్ వైపు పెట్టా, గాయకులు నోటి ముందు పట్టుకుంటారు చూడండి, అట్లా. గెయిన్ దాదాపు సున్నాకు తెచ్చినా, మీటర్ మైనస్ 18 దాటకపోయినా, అలల తలలు చెరువు కట్టలాగా చదునుగా ఉన్నాయి.

మైక్‌సెట్_అన్న | కర్నూలు | ఏప్రిల్ 7, రాత్రి 7:05

కొస అంటే? లావుగా, జాలీ ఉన్న మైకేనా? దాని మీద కంపెనీ గుర్తు ఎక్కడుంది?

ఆరోతీగ | కడప | ఏప్రిల్ 7, రాత్రి 7:09

అవునన్నా. గుర్తు పక్కన, జాలీ కింద ఉంది.

మైక్‌సెట్_అన్న | కర్నూలు | ఏప్రిల్ 7, రాత్రి 7:11

నాయనా! అది పక్క నుంచి వినే మైకు. గుర్తు ఉన్న ముఖమే దాని ముఖం. నువ్వు ఇన్నాళ్లూ దాని నెత్తికి వాయిస్తున్నావు.

(నవ్వుతున్నా అనుకోకు. నేను కొత్తలో ఒక హరికథ ప్రోగ్రాంలో ఇదే పని చేశా. హరిదాసు గారు పాడుతూనే కళ్లెర్ర చేశారు.)

అనంత_బేస్ | అనంతపురం | ఏప్రిల్ 7, రాత్రి 9:20

ముఖం తిప్పితే సౌండు మారుతుంది గానీ గరగర పోదు. కారణం చెప్తా.

కండెన్సర్ లోపల చిన్న యాంప్లిఫయర్ సర్క్యూట్ ఉంటుంది. ఫాంటమ్ పవర్, అంటే ఇంటర్‌ఫేస్‌లో 48 వోల్టుల బటన్ అడిగేది ముఖ్యంగా దాని కోసమే. ఆ సర్క్యూట్ మోయగలిగిన బరువుకు ఒక హద్దు ఉంటుంది, స్పెక్స్‌లో గరిష్ఠ ఎస్‌పీఎల్ (ఎంత గట్టి సౌండు దాకా తట్టుకుంటుందో) అని రాస్తారు. ఆడియో టెక్నికా ఏటీ2020కి అది 144 డెసిబెల్స్, రోడ్ ఎన్‌టీ1-ఏకి 137. నీ మూడు వేల మైకు అట్ట మీద ఆ అంకె ఉందో లేదో చూడు, ఉన్నా నమ్మాలో వద్దో నీ ఇష్టం. మామూలు 12 అంగుళాల గిటార్ స్పీకర్ ఒక్క వాట్‌కే మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ ఇస్తుంది. 15 వాట్లకు ఇంకో 12 కలుపు. అది మీటరు దూరంలో లెక్క. నువ్వు రెండు వేళ్ల దూరంలో పెట్టావు.

లోపల ఒకసారి పగిలిన సౌండును ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ తగ్గిస్తే అతుక్కోదు. విరిగిన పాలను ఫ్రిజ్‌లో పెట్టినట్టే.

డైనమిక్ మైకులో, అంటే 57 లాంటిదాంట్లో, ఆ సర్క్యూటే ఉండదు. పలుచని డయాఫ్రమ్, దానికంటుకున్న తీగచుట్ట, అయస్కాంతం. 57లో అదనంగా చిన్న ట్రాన్స్‌ఫార్మర్. ఇంట్లో ఏ ఆంప్ పెట్టినా దాన్ని పగలగొట్టడం నీ వల్ల కాదు. కాబట్టి మైక్‌సెట్ అన్న రాసిన మందే కరెక్టు. ఇప్పుడు రోగం పేరు కూడా తెలిసింది.

ప్లగిన్_పిచ్చోడు | నంద్యాల వాడిని, ఉండేది హైదరాబాద్ | ఏప్రిల్ 7, రాత్రి 11:40

ఈ కాలంలో ఆంప్ ముందు మైకు పెట్టడమేంది బ్రో. లోడ్ బాక్స్ తీసుకో, స్పీకర్ బదులు దానికి కనెక్ట్ చెయ్, క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) సౌండు ఐఆర్ అనే నమూనా ఫైల్‌తో కంప్యూటర్‌లోనే వస్తుంది. పెద్దమ్మ బీపీ నార్మల్. రాత్రి రెండింటికి కూడా వాయించుకోవచ్చు. లేదా ఆంప్ అమ్మేసి మొత్తం ప్లగిన్‌లోకి, అంటే కంప్యూటర్‌లోని ఆంప్ సాఫ్ట్‌వేర్‌లోకి, వచ్చెయ్.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. స్పీకర్ గానీ లోడ్ గానీ లేకుండా ట్యూబ్ ఆంప్ ఆన్ చేసి వాయించొద్దు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతే ఆ రిపేరుకు రెండు మైకులొస్తాయి.

పాత_రేడియో | కడప | ఏప్రిల్ 8, ఉదయం 6:10

పిల్లలూ, ఉదయపు నడకకు ముందు రెండు మాటలు. నేను రేడియో స్టూడియోల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి, గిటార్ నాకు రాదు.

ఆ 57 అనే మైకు 1965లో వచ్చింది. ఎస్‌ఎం అంటే స్టూడియో మైక్రోఫోన్. స్టేజీ మీద అంత పేరు తెచ్చుకున్న మైకుకు పెట్టిన పేరు స్టూడియోది, అదీ తమాషా. 40 నుంచి 15,000 హెర్ట్జ్ దాకా వింటుంది, 5,000, 6,000 హెర్ట్జ్ దగ్గర కొంచెం తల ఎత్తుతుంది. గిటార్‌లో ప్లెక్ట్రమ్ (తీగ మీటే ముక్క) తీగను కొరికే చప్పుడు సరిగ్గా అక్కడే ఉంటుంది. అందుకే మిగతా వాద్యాల మధ్య కూడా గిటార్ మాట వినబడుతుంది.

నా మనసుకు నచ్చేవి మాత్రం రిబ్బన్ మైకులు. అయస్కాంతం మధ్య వేలాడే పల్చటి అల్యూమినియం రేకు, కొన్నిటిలో మందం మిల్లీమీటరులో కొన్ని వేల వంతులే. కీచుదనం ఉండదు, చెవికి ఒత్తుకోదు. రాయర్ ఆర్-121 లాంటివాటిని పెద్ద ఆంప్‌ల ముందు పెట్టడం మామూలు. కానీ ముందూ వెనకా రెండు వైపులా సమానంగా వింటుంది, కాబట్టి 10 బై 11 బండల గదిలో వెనక గోడ గోల కూడా వస్తుంది. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ గాలి కొట్టినా రేకు సాగిపోవచ్చు. కడప ఎండల్లో ఫ్యాన్ లేకుండా ఎవరుంటారు? నీ బడ్జెట్‌కూ అందదు. కాబట్టి ఇది చెప్పడానికే చెప్పాను.

ఆరోతీగ | కడప | ఏప్రిల్ 8, ఉదయం 9:30

సార్, మీరు కడపలోనే ఉన్నారా! చాలా సంతోషం.

ప్లగిన్ అన్నా, మీ మాట నిజమే కావచ్చు. కానీ ఆంప్ ముందు నిలబడినప్పుడు తీగ ఎక్కువసేపు మోగుతుంది చూడండి, ఆ సౌండు తిరిగొచ్చి గిటార్‌నే ఊపుతుంది చూడండి, దాని కోసమే నేను బస్సులో అంత టెన్షన్ పడి తెచ్చింది.

ఇంకో మాట. కండెన్సర్‌ను ముఖం సరిగ్గా తిప్పి మూడు అడుగులు వెనక్కి జరిపా. గరగర చాలావరకు తగ్గింది. కానీ ఇప్పుడు బావిలో దిగి వాయించినట్టు ఉంది.

నల్లమల_నాదం | కర్నూలు | ఏప్రిల్ 8, మధ్యాహ్నం 1:15

బావి కాదు తమ్ముడూ, అది నీ గదే. కింద బండ, పక్కన బండ, పైన స్లాబు. సౌండుకు తాగడానికి ఏమీ లేదు ఆ గదిలో. మైకు దూరం పెరిగేకొద్దీ స్పీకర్ వాటా తగ్గి గోడల వాటా పెరుగుతుంది. దగ్గరగా పెట్టాలంటే డైనమిక్, దూరంగా పెట్టాలంటే మంచి గది. రెండోది 12 వేలకు రాదు.

గుడ్ల అట్టలు అంటించమని ఎవరైనా చెబుతారు, వినకు. మా హాస్టల్లో ఒక గోడంతా అంటించాం. బల్లులు సంతోషించాయి.

అనంత_బేస్ | అనంతపురం | ఏప్రిల్ 8, మధ్యాహ్నం 2:40

అక్క చెప్పింది అక్షరాలా నిజం. సౌండు తాగాలంటే మందం, బరువు కావాలి. నేనేం చేశానంటే, మా రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లు చానా ఉన్నాయి కదా, అక్కడ కత్తిరింపు ముక్కలు రెండు గోతాలు తెచ్చుకున్నా. 4 అడుగులు, 2 అడుగులు, 4 అంగుళాల లోతు చెక్క ఫ్రేములు నాలుగు చేయించి, ముక్కలు కూరి, పైన పాత నూలు దుప్పటి బిగించా. మైకు వెనక ఒకటి, ఆంప్‌కు ఎదురు గోడకు ఒకటి, మిగతా రెండు మూలల్లో. పెద్ద ఖర్చు కాలేదు, కార్పెంటర్ కూలీనే ఎక్కువ.

అంత ఓపిక లేకపోతే బొంతలు చాలు. రెండు కుర్చీల మీద బొంత వేసి మైకు వెనక గోడలాగా నిలబెట్టు. కానీ ఆంప్ మీద, ఆంప్ వెనక మాత్రం బొంత కప్పొద్దు. ట్యూబులు కాలుతుంటాయి, అసలే ఏప్రిల్.

ఇవన్నీ చేసినా పక్కింటికి పోయే సౌండు తగ్గదు, అది గుర్తుపెట్టుకో. గది లోపల ప్రతిధ్వని తగ్గడం వేరు, గోడ దాటకుండా ఆపడం వేరు.

నల్లమల_నాదం | కర్నూలు | ఏప్రిల్ 8, మధ్యాహ్నం 3:05

పక్కింటి సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. నీ ఆంప్ ముందు ఈ అంకెలు పసిపిల్లలు. నీకు ఇప్పుడు రక్ష నాన్నగారి ఒప్పందమూ, పెద్దమ్మ మంచితనమే. దాన్ని చెడగొట్టుకోకు.

నీ చెవుల సంగతి కూడా. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ లెక్కలో 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సగం సగం అవుతూ పోతుంది. 100 దగ్గర 15 నిమిషాలు. నీది గంటన్నర సెషన్. దూది కాదు, సరైన ఇయర్ ప్లగ్స్ పెట్టుకో.

వాల్యూమ్ కొంచెం తగ్గించి చూశావా? పవర్ పదో వంతుకు తగ్గితే 10 డెసిబెల్స్ తగ్గుతాయి, చెవికి సగమైనట్టు అనిపిస్తుంది. రికార్డింగ్‌లో మాత్రం ఎంత గట్టిగా వాయించావో పెద్దగా తెలియదు.

మైక్‌సెట్_అన్న | కర్నూలు | ఏప్రిల్ 8, రాత్రి 8:20

తమ్ముడూ, కొనే ముందు ఒక పని చెయ్. మీ వీధిలో గుడి గానీ, చర్చి గానీ, ఎవరిదైనా చిన్న మైక్‌సెట్ గానీ ఉంటుంది కదా. అక్కడ అదే కంపెనీ 58 దొరుకుతుంది, ఉండ తల మైకు. 57, 58 లోపల దాదాపు ఒకటే సరుకు. తేడా ఎక్కువగా ఆ ఉండ జాలీది. ఒక రోజుకు అడిగి తెచ్చుకుని ఆంప్ ముందు పెట్టి చూడు. నచ్చితే కొను.

జాలీ తిప్పితే ఊడొస్తుంది, తీసేస్తే 57కు ఇంకా దగ్గరవుతుంది. కానీ లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఇనుప రజను ఉన్న చోట విప్పకు. పని కాగానే జాలీ బిగించి ఇచ్చెయ్. నీ మూలంగా గుడిలో నా పరువు పోకూడదు.

ఆరోతీగ | కడప | ఏప్రిల్ 12, రాత్రి 8:55

ఆలస్యానికి క్షమించాలి. మా వీధి భజన మందిరంలో అడిగా. శనివారం భజన లోపల తిరిగిచ్చే షరతు మీద 58 ఇచ్చారు, గీతలు పడి ముసలిదైపోయిన మైకు. దానికి స్టాండు మాత్రం ఇవ్వలేదు. పాత ట్రైపాడ్‌కు రబ్బరు బ్యాండ్లతో కట్టా.

ముందు ఫోన్ టార్చ్‌ను ఆంప్ గుడ్డ మీద ఏటవాలుగా వేశా. లోపల స్పీకర్ కోన్, మధ్యలో గుండ్రటి మూత కనబడ్డాయి. ఇంతకాలం నేను స్పీకర్ మధ్య అనుకున్నది మధ్య కాదు, రెండు అంగుళాలు పక్కకుంది! అమ్మ దగ్గర బొట్టుబిళ్లల అట్ట తీసుకుని గుడ్డ మీద మధ్య నుంచి అంచు వైపు అంగుళానికొకటి చొప్పున ఐదు అంటించా. లూపర్ పెడల్‌లో (వాయించింది మళ్లీ మళ్లీ వినిపించేది) ఒకే రిఫ్, అంటే చిన్న గిటార్ ముక్క, తిప్పుతూ, ఒక్కో బిళ్ల దగ్గర ఒక్కోసారి రికార్డు చేశా. దూరం అన్నిటికీ రెండు వేళ్లే.

1వ బిళ్ల, సరిగ్గా మధ్య: చాకు. పళ్లు జివ్వుమన్నాయి.
2వది: ఇంకా పదునే, కానీ వినొచ్చు.
3వది, మూత అంచు: ఇదే! గదిలో నిలబడి వినే సౌండు.
4వది: దుప్పటి కప్పినట్టు.
5వది: పక్క గదిలోంచి వచ్చినట్టు.

మైకు ఒకటే, ఆంప్ నాబ్ ఒక్కటి కూడా ముట్టుకోలేదు. నాలుగు అంగుళాల్లో ఇంత తేడానా?

కానీ ఒక బాధ మిగిలింది. ఐదు రికార్డింగుల్లోనూ ఒక్క చోట ఇంకా గరగర ఉంది. ఐదో తీగను వట్టిగా మీటినప్పుడే. వేవ్‌ఫామ్ చూస్తే తలలు గుండ్రంగానే ఉన్నాయి, కోసినట్టు లేవు. 58 కూడా పగులుతోందా?

అనంత_బేస్ | అనంతపురం | ఏప్రిల్ 12, రాత్రి 9:30

58 పగలదు. ఒకే స్వరం దగ్గర వస్తోందంటే అది మైకు కాదు, గదిలో ఏదో దానికి తాళం వేస్తోంది. వట్టి ఐదో తీగ అంటే 110 హెర్ట్జ్. ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని, 110 హెర్ట్జ్ ఆంప్ గుండా వినిపించు. వినిపిస్తూ గదిలో ఒక్కో వస్తువు మీద చెయ్యి పెట్టుకుంటూ పో. ఎక్కడ చెయ్యి పెడితే గరగర ఆగుతుందో అదే దొంగ.

మొదట ఆంప్ వెనక స్క్రూలు, హ్యాండిల్, పై ప్లేటు చూడు. తర్వాత బీరువా.

పొద్దుటూరు_పసిడి | పొద్దుటూరు | ఏప్రిల్ 12, రాత్రి 10:10

బీరువానే. వంద రూపాయల పందెం.

ఆరోతీగ | కడప | ఏప్రిల్ 13, సాయంత్రం 6:40

పందెం సగం గెలిచారన్నా. బీరువా తాళంచెవికి వేలాడే రింగు ఒకటి. కానీ అసలు దొంగ అది కాదు. చెవి తీసేసినా గరగర పోలేదు.

బండ అరల్లో పైనుంచి రెండో దాని మీద అమ్మ పాత స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పేర్చి పెట్టింది, పండగలకు మాత్రమే తీసేవి. 110 హెర్ట్జ్ వేయగానే పై గ్లాసు కింద గ్లాసులో గింగిరాలు. చెయ్యి పెట్టగానే నిశ్శబ్దం. తియ్యగానే మళ్లీ మొదలు. గ్లాసుల మధ్య పాత చొక్కా ముక్కలు పెట్టా, ఆంప్‌ను బండ మీంచి లేపి స్టూలు మీద, కింద మడిచిన గోనెసంచి. ఇప్పుడు ఐదో తీగ శుభ్రంగా ఉంది.

అంటే నా రికార్డింగ్‌లో రెండు గరగరలు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. కొత్త కండెన్సర్ కొనుంటే రెండోది అట్లాగే ఉండి, 12 వేల మైకును తిట్టుకుంటూ కూర్చునేవాణ్ణి.

మైక్‌సెట్_అన్న | కర్నూలు | ఏప్రిల్ 13, రాత్రి 7:15

గ్లాసులు పెట్టిన గదిలో గిటారా! సరే. ఇప్పుడు బిళ్లల మీద ఇంకో మాట.

3వ బిళ్ల దగ్గరే ఉంచి దూరం మార్చు. గుడ్డకు ఆనించినట్టు పెడితే బేస్ ఉబ్బుతుంది. 57 లాంటి ఒకవైపు మైకులన్నిటికీ ఉన్న గుణం అది, దగ్గరకొచ్చేకొద్దీ కింది స్వరాలు బలుస్తాయి. పాట సన్నగా ఉంటే అది వరం, బేస్ గిటార్ కూడా ఉన్న పాటలో అది బురద. నాలుగు వేళ్ల దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరికి రా. తర్వాత మైకును కొంచెం ఏటవాలుగా తిప్పి చూడు, పదును ఇంకాస్త తగ్గుతుంది. ఈక్వలైజర్ ముట్టుకునే ముందు ఇవన్నీ అయిపోవాలి.

ఇంటర్‌ఫేస్ గెయిన్: నువ్వు అన్నిటికన్నా గట్టిగా కొట్టే చోట మీటర్ మైనస్ 12, మైనస్ 10 మధ్య నిలవాలి. 24 బిట్‌లో రికార్డు చేస్తే అంతకన్నా పైకి తోయాల్సిన పని లేదు. 48 వోల్టుల బటన్ ఆపెయ్, డైనమిక్‌కు అక్కర్లేదు. పొరపాటున ఆన్‌లో ఉన్నా మంచి కేబుల్ అయితే మైకుకు ఏమీ కాదు.

పొద్దుటూరు_పసిడి | పొద్దుటూరు | ఏప్రిల్ 13, రాత్రి 9:00

కొనడానికి పోయే ముందు నా కథ విను తమ్ముడూ. నాలుగేళ్ల కింద నేను 57 కొన్నా, సగం ధరకే వచ్చిందని ఎగిరి గంతేశా. ఎక్కడ కొన్నానో వద్దులే. సౌండు సన్నగా, కీచుమంటూ ఉంది. ఆంప్‌ను అనుమానించా, కేబుల్ మార్చా, ఆఖరికి నా చేతివేళ్లనే అనుమానించుకున్నా.

ఒకరోజు మా బాబాయి బంగారం అంగట్లో కూర్చుని ఉంటే, ఊరికే ఆ మైకు తీసి త్రాసు మీద పెట్టా. 57 అసలు బరువు 284 గ్రాములు, కంపెనీ స్పెక్స్‌లోనే ఉంటుంది. త్రాసులో 231 చూపించింది. బాబాయి కళ్లజోడు సర్దుకుని, "ఇది 22 క్యారెట్ కాదురా అబ్బీ" అన్నాడు. ఆ తర్వాత అధికారిక డీలర్ దగ్గర బిల్లుతో కొన్నదాన్ని కూడా అదే త్రాసులో తూచాం, 284కు అటూఇటూ రెండు గ్రాములు. ఇంకో గుర్తు: అసలుదాన్ని మధ్యలో మరలాగా తిప్పి విప్పితే క్యాప్సూల్‌కు (సౌండు పట్టే భాగానికి) పోయే వైర్లు పసుపు, ఆకుపచ్చ. నాదాంట్లో ఎరుపు, తెలుపు.

ఈ మైకుకు ఉన్నన్ని నకళ్లు ఇంకే మైకుకూ లేవేమో. సగం ధర అన్నాడంటే నమస్కారం పెట్టి వచ్చెయ్.

ఇంకో దారి కూడా ఉంది. సెన్‌హైజర్ ఈ609 అని బల్లపరుపు మైకు, ఆంప్ హ్యాండిల్‌కు కేబుల్ చుట్టి ముందుకు వేలాడదీయొచ్చు. స్టాండు ఖర్చు మిగులుతుంది.

మైక్‌సెట్_అన్న | కర్నూలు | ఏప్రిల్ 13, రాత్రి 9:25

609 మంచిదే. కానీ వేలాడదీస్తే అది ఎక్కడ ఆగితే అదే నీ 3వ బిళ్ల. కేబుల్ మెలి తిరిగితే ముఖం పక్కకు తిరుగుతుంది. దానికైనా పొట్టి స్టాండు పెట్టాల్సిందే. స్టేజీ మీద తొందరలో వేలాడదీస్తాం, ఇంట్లో తొందర ఎవరికి?

ఆరోతీగ | కడప | ఏప్రిల్ 20, రాత్రి 9:10

57 వచ్చింది. అధికారిక డీలర్ దగ్గర, బిల్లుతో. పొట్టి బూమ్ స్టాండు, కేబుల్ కలిపి 12 వేలు కొంచెం దాటింది, ఆ కొంచెం అమ్మ ఇచ్చింది (గ్లాసుల సంగతి చెప్పినందుకు!). మా వీధి చివర కిరాణా కొట్టు త్రాసులో 285 చూపించింది. కొట్టు ఆయన ధర ఎంతని అడిగాడు.

ఇప్పుడొక ఆశ. పాత కండెన్సర్‌ను మూడు అడుగుల దూరంలో పెట్టి, రెండూ కలిపి రికార్డు చేస్తే గది గాలి కూడా వస్తుంది కదా? చేశా, క్లిప్ కూడా పెట్టా. విడివిడిగా రెండూ బాగున్నాయి, కలిపితే గిటార్ చిక్కిపోయింది. గొంతులో కఫం ఉన్నట్టు.

నల్లమల_నాదం | కర్నూలు | ఏప్రిల్ 20, రాత్రి 10:00

ఫేజ్ తమ్ముడూ. శబ్దం ఒక మిల్లీసెకనుకు దాదాపు 34 సెంటీమీటర్లు పోతుంది. మూడు అడుగులంటే రెండో మైకుకు 2.7 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యంతో రెండూ కలిసినప్పుడు కొన్ని స్వరాల దగ్గర ఒకటి పైకి లేస్తుంటే ఇంకొకటి కిందికి లాగుతుంది. నీ లెక్కలో మొదటి గుంట 190 హెర్ట్జ్ చుట్టుపక్కల పడుతుంది, గిటార్ కండ ఉండేదే అక్కడ.

సాఫ్ట్‌వేర్‌లో దూరపు ట్రాక్‌ను దగ్గరికి లాగి, రెండింటి మొదటి అల ఒకే గీత మీదికి తీసుకురా. తర్వాత ఒకదాని పొలారిటీ తిప్పి, అంటే అలను తలకిందులు చేసి, విను. ఏది లావుగా వినబడితే అది ఉంచు. లేదా దూరపుదాన్ని బాగా తగ్గించి, వాసనకు వేసిన ఇంగువలాగా పెట్టుకో.

పాత_రేడియో | కడప | ఏప్రిల్ 21, ఉదయం 6:05

నాయనా, నన్నడిగితే ఒక్క మైకు చాలు. ఒకటి సరైన చోట పెట్టడం నేర్చుకున్నాక రెండోది. మా రోజుల్లో స్టూడియోలో మైకు జరిపే పని మాదే, కళాకారుణ్ణి దాన్ని ముట్టుకోనిచ్చేవాళ్లం కాదు!

నీ రికార్డింగ్ అడుగున సన్నగా ఒక హమ్ వినబడింది నాకు. ఎర్తింగ్ చూపించుకో.

అనంత_బేస్ | అనంతపురం | ఏప్రిల్ 21, ఉదయం 9:45

సార్ చెవులకు దండం. నాకూ ప్రతి వేసవిలో ఇదే. మా దగ్గర నేల ఎండిపోతే ఎర్త్ గుంత పనిచేయదు, రెండు బిందెల నీళ్లు పోయించాకే హమ్ దిగింది. ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడు, కొన్నిసార్లు దొంగ అదే. ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు అసలు రికార్డు చెయ్యకు. ఏం చేసినా ఆంప్ ప్లగ్‌కు ఎర్త్ పిన్ మాత్రం తీసెయ్యకు, ఎవరు చెప్పినా సరే. లోపల వందల వోల్టులు ఉంటాయి.

ఆరోతీగ | కడప | ఏప్రిల్ 22, సాయంత్రం 7:02

చార్జరే. పీకగానే హమ్ పోయింది. నీళ్లు కూడా పోశా, పోతే పోనీ అని.

ఒక్క మైకుతోనే చేసిన క్లిప్ పెడుతున్నా. 3వ బిళ్ల, మూడు వేళ్ల దూరం, కొంచెం ఏటవాలు, వెనక రెండు బొంతలు. ఈక్వలైజర్ లేదు. కండెన్సర్ అమ్మేయాలా?

మైక్‌సెట్_అన్న | కర్నూలు | ఏప్రిల్ 22, రాత్రి 8:30

విన్నా. 0:42 దగ్గర తాళం జారావు, మిగతాది భలే ఉంది. కండెన్సర్ అమ్మకు, అకౌస్టిక్ గిటార్‌కు పెట్టు. ముఖం మాత్రం చూసుకుని పెట్టు.

పొద్దుటూరు_పసిడి | పొద్దుటూరు | ఏప్రిల్ 22, రాత్రి 8:41

నా 50 రూపాయలు?

ఆరోతీగ | కడప | ఏప్రిల్ 22, రాత్రి 9:00

పంపించా అన్నా. ఆంప్ గుడ్డ మీద మిగతా నాలుగు బిళ్లలు తీసేశా. మూడోది మాత్రం తుడవొద్దని అమ్మకు చెప్పి పెట్టా.